‘రన్’ని బట్టీ పట్టకుండా నేర్చుకోవడం ఎలా

‘రన్’ అంటే ఏమిటని అడిగితే మూడో తరగతి పిల్లాడు కూడా ‘పరిగెత్తడం’ అంటాడు. జవాబు సరైనదే. కానీ డిగ్రీ అయ్యాక కూడా ఆ ఒక్క అర్థాన్నే పట్టుకుని కూర్చుంటే ఇంగ్లీషు పేపరు మొదటి పేజీ దాటడం కష్టం. ఇంగ్లీషులో కుళాయి నీళ్లు రన్ అవుతాయి, ముక్కు రన్ అవుతుంది, బీచ్ రోడ్డు రన్ అవుతుంది, షుగర్ జబ్బు ఒక కుటుంబంలో రన్ అవుతుంది, ఓడకి ఇచ్చిన గడువు రన్ అవుతుంది. వీటిలో ఒక్కదానికీ కాళ్లు లేవు.

నేను విశాఖ హార్బర్‌లో ఒక షిప్పింగ్ ఏజెంటు ఆఫీసులో పనిచేసి రిటైరయ్యాను. ఓడల రాకపోకల మీద ఉత్తరాలు, టెలెక్స్‌లు, తర్వాతి రోజుల్లో ఈమెయిళ్లు, అదే నా ఉద్యోగం. ఇప్పుడు మల్కాపురంలో మా మేడ మీద సాయంత్రాలు పాలిటెక్నిక్, డిగ్రీ పిల్లలకు ఇంగ్లీషు చెప్తున్నాను. వాళ్లతో కూర్చున్నప్పుడల్లా నాకు గట్టిగా అనిపించేది ఒకటి ఉంది. పెద్ద పెద్ద మాటలు నేర్చుకోవడానికి పడే కష్టంలో సగం ఇలాంటి చిన్న క్రియల మీద పెడితే ఇంగ్లీషు చాలా తొందరగా చేతికొస్తుంది. అందుకే ఈ ఒక్క మాటను ఎలా పట్టుకోవాలో మొదటి నుంచి రాస్తున్నాను. పక్కన ఒక నోటు పుస్తకం పెట్టుకుని చదవండి.

ముందు అంకె చెప్పేస్తాను. ఆక్స్‌ఫర్డ్ ఇంగ్లీష్ డిక్షనరీ మొదటి ముద్రణ 1928లో పూర్తయినప్పుడు అందులో అన్నిటికంటే పొడవైన ఎంట్రీ ‘సెట్’ అనే క్రియది. ఈ శతాబ్దంలో ‘ఆర్’ అక్షరం మాటలను కొత్తగా సవరించినప్పుడు ‘రన్’ దాన్ని దాటిపోయింది. ఆ పని చేసిన ఎడిటర్ పీటర్ గిల్లివర్ లెక్క ప్రకారం ఈ ఒక్క క్రియకే 645 అర్థాలు. ఇది విని టెన్షన్ పడొద్దు. ఇంగ్లండులో పుట్టి పెరిగిన మనిషి కూడా 645 అర్థాలు బట్టీ పట్టి మాట్లాడడు. వాటన్నిటి అడుగున ఉన్న భావం ఒకటి అతనికి చిన్నప్పటి నుంచి తెలుసు, అంతే. అది మనకీ దొరకాలంటే మాట పుట్టుక చూడాలి.

కాళ్ల కంటే ముందు నీళ్లు

వెయ్యేళ్ల కిందటి ఇంగ్లీషులో ఈ క్రియ ‘రిన్నన్’. అక్షరాలు తారుమారై ‘ఇర్నన్’ అని కూడా పలికేవారు. మనిషి పరిగెత్తినా, ఏరు పారినా మాట ఇదే. తర్వాత వైకింగులు వచ్చి ఇంగ్లండులో స్థిరపడినప్పుడు వాళ్ల భాషలోని ‘రిన్నా’, ‘రెన్నా’ కూడా వచ్చి దీనికి తోడయ్యాయి. జర్మన్‌లో ఈనాటికీ ‘రిన్నెన్’ అంటే కారడం, పారడం. ‘రెన్నెన్’ అంటే పరిగెత్తడం. రైన్ నది పేరు కూడా ఈ కుదురులోదే అని భాషాశాస్త్రవేత్తలు చెప్తారు. చీజ్ చేసేటప్పుడు పాలు గడ్డకట్టడానికి వేసే రెన్నెట్ కూడా ఈ ఇంటి మాటే. పాలు ఒకచోటికి చేరి పేరుకోవడాన్ని కూడా పాత ఇంగ్లీషువాళ్లు ‘రన్’ అనేవారు.

ఇప్పుడు మన భాషకి రండి. మనకి ‘పారు’ అనే క్రియ ఉంది. గెడ్డ పారుతుంది. దొంగ పారిపోతాడు. చూపు పారినంత దూరం సముద్రమే. వాడి పాచిక పారలేదు. నీరు, మనిషి, చూపు, పాచిక, నాలుగూ వేరు వేరు సంగతులు. అయినా తెలుగువాడు ఎవరూ ‘పారు’కి నాలుగు అర్థాలు బట్టీ పట్టలేదు. ఏదో ఒకటి ఆగకుండా, తన దారిలో తను ముందుకి సాగుతోందన్న భావం నాలుగింటిలోనూ ఉంది. ‘రన్’ అడుగున ఉన్న భావం కూడా సరిగ్గా అదే.

కాబట్టి మొదటి పని ఇది. ‘రన్’ కనిపించగానే మనసులో ‘పరిగెత్తు’ అనుకోవడం మానేసి ‘పారు’, ‘సాగు’, ‘నడుచు’ అనుకోండి. సగానికి సగం వాక్యాలు అక్కడికక్కడే విడిపోతాయి. మిగిలిన సగానికి మూడు ప్రశ్నలు వేసుకోవాలి.

మొదటి ప్రశ్న: రన్ అవుతున్నది ఏది?

నీళ్లతో మొదలుపెట్టండి, అదే తేలిక. ‘ద ట్యాప్ ఈజ్ రన్నింగ్’ అంటే కుళాయి తిప్పి ఉంది, నీళ్లు పోతున్నాయి. ‘మై నోస్ ఈజ్ రన్నింగ్’ అంటే ముక్కు కారుతోంది. కొత్త చుడీదార్ తడిపితే రంగు వదిలితే ‘ద కలర్ ర్యాన్’. మేఘాద్రి గెడ్డ ఎండిపోతే ‘రన్ డ్రై’. ఇవన్నీ ఒక గుంపుగా రాసుకోండి.

తర్వాత దారులు, గీతలు. ఆర్కే బీచ్ నుంచి రుషికొండ మీదుగా భీమిలి దాకా సముద్రం పక్కనే వెళ్లే రోడ్డు గురించి చెప్పాలంటే ‘ద రోడ్ రన్స్ అలాంగ్ ద కోస్ట్’ అనాలి. ఇక్కడ ఒక గ్రామర్ సంగతి గట్టిగా గుర్తుపెట్టుకోండి. రోడ్డు, గోడ, రైలు పట్టా, పైపులైను లాంటివి ఎక్కడి నుంచి ఎక్కడి దాకా ఉన్నాయో చెప్పేటప్పుడు ‘రన్స్’ అనే అనాలి, ‘ఈజ్ రన్నింగ్’ అనకూడదు. రోడ్డు ఈ క్షణంలో కదలడం లేదు కదా. అరకు మీదుగా వెళ్లే కేకే లైను, అంటే కొత్తవలస-కిరండూల్ రైలు మార్గం తీసుకోండి. ‘ద లైన్ రన్స్ త్రూ 58 టన్నెల్స్’ అంటే పట్టా 58 సొరంగాల గుండా పోతుంది. ‘ద ట్రెయిన్ రన్స్ డైలీ’ అంటే ఆ బండి రోజూ నడుస్తుంది. మొదటిదానిలో పట్టా ఎక్కడెక్కడ ఉందో చెప్తున్నాం, రెండోదానిలో బండి సర్వీసు గురించి చెప్తున్నాం. స్టేషన్లో మైకులో వినిపించే ‘రన్నింగ్ లేట్’ సర్వీసు వైపుది. మనిషికి కూడా అది వాడొచ్చు. ఆటోలో కూర్చునే ‘ఐయామ్ రన్నింగ్ లేట్’ అని మెసేజ్ పెట్టొచ్చు. నాకు ఆలస్యమవుతోంది అని అర్థం, పరుగుతో పనిలేదు.

ఓడలకు ‘రన్’ బాగా పాత చుట్టరికం. గాలివాలున సాగినా రన్నే, అదుపు తప్పి ఒడ్డెక్కినా రన్నే. 2020 అక్టోబరులో వాయుగుండం పట్టినప్పుడు బంగ్లాదేశ్ సరుకు ఓడ ‘ఎంవీ మా’ కొట్టుకొచ్చి తెన్నేటి పార్కు కింద రాళ్లలో ఇరుక్కుపోయింది. ఊరంతా వెళ్లి చూసింది. దాన్ని ఇంగ్లీషులో ‘ద షిప్ ర్యాన్ అగ్రౌండ్’ అంటారు. మా పిల్లలు ఈ ఒక్క ఉదాహరణతో ‘అగ్రౌండ్’ని మళ్లీ మరిచిపోలేదు. మీరు కూడా ప్రతి అర్థం పక్కన మీ ఊళ్లో మీ కళ్లతో చూసిన సంగతి ఒకటి రాసుకోండి. డిక్షనరీలో ఇచ్చిన వాక్యం కంటే అది ఎక్కువ రోజులు నిలుస్తుంది.

ఇక కాలం. నాకు ‘రన్’ మీద ఇష్టం కలిగింది ఇక్కడే, కాబట్టి కాస్త నిదానంగా చెప్తాను.

ఒక ఎరువుల ఓడ వైజాగ్ వచ్చిందనుకోండి. యూరియా దించాలి. ఓడ అద్దెకి తీసుకున్నవాళ్లకీ ఓడ యజమానికీ మధ్య ఒప్పందం ఉంటుంది: సరుకు దించడానికి ఇంత సమయం ఇస్తాం అని. ఆ సమయం పేరు లేటైమ్. ఓడ చేరగానే కెప్టెన్ ‘మేం సిద్ధం’ అని ఒక నోటీసు ఇస్తాడు, దాన్ని నోటీస్ ఆఫ్ రెడీనెస్ అంటారు. అది ఇచ్చిన క్షణం నుంచే గడియారం మొదలవదు. చాలా ఒప్పందాల్లో ఉండే పద్ధతి ఏమిటంటే, మధ్యాహ్నం 12 లోపు నోటీసు ఇస్తే ఆ రోజు ఒంటి గంట నుంచి, 12 దాటాక ఇస్తే మర్నాటి పనిదినం ఉదయం 6 నుంచి లెక్క మొదలు. అప్పుడు మేం రాసే మాట ‘టైమ్ స్టార్ట్స్ టు రన్’. వాన పడితే హ్యాచ్‌లు, అంటే సరుకు ఉన్న ఓడ గదుల మూతలు, మూసేస్తారు. యూరియా తడవకూడదు. వాన పడినంత సేపు లెక్కలోకి రాదని ఒప్పందంలో ఉంటే ‘టైమ్ డజ్ నాట్ రన్’. అందుకే వాన ఎన్నింటికి మొదలైంది, ఎన్నింటికి వెలిసింది అని నిమిషాలతో సహా స్టేట్‌మెంట్ ఆఫ్ ఫ్యాక్ట్స్ అనే కాగితంలో ఎక్కిస్తాం. దాని మీద కెప్టెన్ సంతకం, ఏజెంటు సంతకం. ఇచ్చిన సమయం అయిపోయినా సరుకు మిగిలి ఉంటే రోజుకింత చొప్పున డెమరేజ్ అనే ఆలస్య రుసుము కట్టాలి. మామూలుగా ఒకసారి డెమరేజ్‌లో పడ్డాక వాన వచ్చినా గడియారం ఆగదు. టైమ్ రన్ అవుతూనే ఉంటుంది.

ఈ కాగితాల్లో ‘రన్’ అనే మూడు అక్షరాల మాట మీద లక్షల రూపాయలు అటూ ఇటూ అవుతాయి. అక్కడ ఎవరైనా ‘పరిగెత్తు’ అని చదువుకుంటే పని అయినట్టే.

ఇదే అర్థం బయట కూడా ఉంది. తూర్పు తీరంలో చేపల వేట నిషేధం ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, 61 రోజులు. ఫిషింగ్ హార్బర్‌లో మరపడవలన్నీ వరసగా కట్టేసి ఉంటాయి. ‘ద బ్యాన్ రన్స్ ఫ్రమ్ ఏప్రిల్ 15 టు జూన్ 14’. ఒప్పందం, లీజు, ఇన్సూరెన్స్ పాలసీ, జైలు శిక్ష అన్నీ ఇలాగే రన్ అవుతాయి. సినిమా కూడా. మనం ‘వంద రోజులు ఆడింది’ అంటాం, వాళ్లు ‘ర్యాన్ ఫర్ ఎ హండ్రెడ్ డేస్’ అంటారు.

కుటుంబంలో వంశపారంపర్యంగా వచ్చే జబ్బుకి, గుణానికి ‘రన్స్ ఇన్ ద ఫ్యామిలీ’. ఖర్చు లక్షల్లోకి పోతే ‘రన్స్ ఇంటూ ల్యాక్స్’. ఇవి రెండూ చెప్పగానే అర్థమయ్యేవే.

రెండో ప్రశ్న: తనే నడుస్తోందా, ఎవరైనా నడుపుతున్నారా?

తెలుగులో నడుచు, నడుపు అని రెండు క్రియలు. పారు, పారించు కూడా అంతే. బండి నడుస్తుంది, డ్రైవరు నడుపుతాడు. పాత ఇంగ్లీషులో కూడా ఇలాగే విడివిడిగా ఉండేవి. తనంతట తను సాగడానికి ‘రిన్నన్’, ఇంకొకదాన్ని సాగించడానికి వేరే రూపం. కాలం గడిచి రెండూ ఒకే ‘రన్’లో కలిసిపోయాయి. తెలుగులో మాటే చెప్పేసే తేడాని ఇంగ్లీషులో వాక్యం చూసి మనం పట్టుకోవాలి. పట్టుకోవడం కష్టమేం కాదు. ‘రన్’ వెనక కర్మ ఉందో లేదో చూడండి. ‘ద ఫ్యాన్ ఈజ్ రన్నింగ్’, వెనక ఏమీ లేదు, ఫ్యాను తిరుగుతోంది. ‘షీ రన్స్ ఎ మెస్’, వెనక మెస్ ఉంది, ఆవిడ మెస్ నడుపుతోంది.

ఈ నడిపే ‘రన్’ ఉద్యోగాలకి వెళ్లే పిల్లలకి చాలా ముఖ్యం. మా దగ్గర ఒకమ్మాయి రెజ్యూమేలో రక్తదాన శిబిరం గురించి నాలుగు లైన్లు రాసింది. శిబిరం నిర్వహించబడింది, అందులో నా పాత్ర ఉంది, అన్న తీరులో ఉంది ఇంగ్లీషు. నేను ‘ఐ ర్యాన్ ద కాలేజ్ బ్లడ్ డొనేషన్ క్యాంప్’ అని రాయించాను. మొత్తం బాధ్యత నాదే, మొదటి నుంచి చివరి దాకా నేనే చూసుకున్నాను అని ఆ ‘ర్యాన్’ ఒక్కటే చెప్పేస్తుంది. నిజంగా మీరే నడిపిన పనికే ఇది వాడండి. పదిమందిలో ఒకరిగా చేసిన పనికి ‘హెల్ప్డ్ రన్’ అనండి.

జ్వరానికి కూడా ఈ రూపమే: ‘షీ ఈజ్ రన్నింగ్ ఎ టెంపరేచర్’. ఎన్నికలకు మాత్రం ఊరిని బట్టి మారుతుంది. అమెరికాలో ‘రన్ ఫర్’, ఇంగ్లండులో ‘స్టాండ్ ఫర్’, మన పేపర్లలో ‘కంటెస్ట్’.

క్రికెట్ రన్నుని నేను కావాలనే చివరికి ఉంచాను. వికెట్ల మధ్య పరుగు కాబట్టి రన్ అన్నారు, నిజమే. కానీ బంతి బౌండరీ దాటితే ఎవరూ పరిగెత్తకపోయినా నాలుగు రన్నులు. 2005 ఏప్రిల్ 5న మన పీఎం పాలెం స్టేడియంలో పాకిస్తాన్ మీద ధోనీ 148 కొట్టిన రోజు, వాటిలో ఎక్కువ భాగం ఫోర్లూ సిక్సర్లే. అంటే ఆటలో కూడా ‘రన్’ కాళ్లని వదిలేసి లెక్కలోకి వెళ్లిపోయింది.

మూడో ప్రశ్న: పక్కన ఉన్న చిన్న మాట ఏది?

ఇక్కడే అందరూ తడబడతారు. ‘రన్’ పక్కన అవుట్, ఇంటూ, ఓవర్, డౌన్, అప్ లాంటివి చేరితే అర్థం మలుపు తిరుగుతుంది. లిస్టు తీసుకుని కూర్చోవద్దు. రోజూ అవసరమయ్యేవి కొన్ని నేర్చుకోండి, మిగతావి చదువుతుంటే వస్తాయి.

‘రన్ అవుట్’ అంటే పారి పారి అయిపోవడం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక విశాఖలో పాలు, పెట్రోలు, తాగునీరు దేనికి చూసినా కటకటే. ఆ సంగతి రెండు రకాలుగా చెప్పొచ్చు. ‘ద మిల్క్ ర్యాన్ అవుట్’, పాలు అయిపోయాయి. ‘వీ ర్యాన్ అవుట్ ఆఫ్ మిల్క్’, మా దగ్గర పాలు అయిపోయాయి. వస్తువుతో వాక్యం మొదలుపెడితే ‘ఆఫ్’ వద్దు. మనిషితో మొదలుపెడితే ‘ఆఫ్’ తప్పనిసరి. ‘ఐ ర్యాన్ అవుట్ మిల్క్’ అనే వాక్యం నేను ఎన్ని నోటు పుస్తకాల్లో దిద్దానో. ఇక క్రికెట్‌లో బ్యాట్స్‌మన్ ‘వాజ్ రన్ అవుట్’, అది పూర్తిగా వేరే సంగతి.

అయిపోయే దశలో ఉంటే ‘రన్నింగ్ లో’, సరిపోకపోతే ‘రన్నింగ్ షార్ట్’. ఈ వరసలో ఉన్నవి చూడండి: డ్రై, లో, షార్ట్, వైల్డ్. ఎక్కువగా పరిస్థితి చెడిపోవడమే. మంచి వైపు మారడానికి ‘రన్’ దాదాపు రాదు. ‘రన్ రిచ్’ అని మనిషి గురించి ఎవరూ అనరు.

‘రన్ ఇంటూ’కి మూడు దారులు. జగదాంబ జంక్షన్‌లో పాత స్నేహితుడు అనుకోకుండా ఎదురుపడితే ‘ఐ ర్యాన్ ఇంటూ హిమ్’. బండి వెళ్లి కరెంటు స్తంభాన్ని గుద్దితే కూడా ‘ర్యాన్ ఇంటూ’. పనిలో ఇబ్బంది వచ్చిపడితే కూడా అదే. ఎదురుగా ఉన్నది ఏమిటో చూస్తే తెలిసిపోతుంది. ‘రన్ ఓవర్’తో మాత్రం చాలా జాగ్రత్త. స్నేహితుడు ఎదురుపడ్డాడని చెప్పబోయి ‘ఐ ర్యాన్ ఓవర్ హిమ్’ అంటే అతని మీంచి బండి పోనిచ్చానని అర్థం. మీటింగు అనుకున్న టైము దాటిపోతే కూడా ‘ర్యాన్ ఓవర్’ అంటారు. అక్కడ ప్రమాదమేమీ లేదు.

‘రన్ త్రూ’ అంటే ఒకసారి మొదటి నుంచి చివరి దాకా చూసుకోవడం. ఇంటర్వ్యూకి ముందు జవాబులు ‘రన్ త్రూ’ చేసుకోండి. ‘రన్ అప్ ఎ బిల్’ అంటే బిల్లు పెంచేసుకోవడం.

రూపం గురించి, ఒకసారికి

‘మాస్టారూ, ప్రెజెంట్‌లోనూ రన్, మూడో రూపంలోనూ రన్. మధ్యలో ర్యాన్ ఏంటండీ?’ అని ప్రతి బ్యాచ్‌లో ఎవరో ఒకరు అడుగుతారు. మంచి ప్రశ్న. రింగ్, ర్యాంగ్, రంగ్. సింగ్, స్యాంగ్, సంగ్. బిగిన్, బిగ్యాన్, బిగన్. డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్. ఇవన్నీ ఒక కుటుంబం, అన్నిటిలోనూ అచ్చు ఇ, యా, అ అని మారుతుంది. ‘రన్’ది కూడా ఈ కుటుంబమే. పద్ధతి ప్రకారం అయితే రిన్, ర్యాన్, రన్ అని ఉండాలి. స్కాట్లండ్ మాండలికంలో ఇప్పటికీ ‘రిన్’ ఉంది. ఇంగ్లండు ఇంగ్లీషులో మాత్రం మూడో రూపంలోని అచ్చు మెల్లగా మొదటి రూపంలోకి వచ్చి స్థిరపడిపోయింది. అందుకే అటూ ఇటూ రన్, మధ్యలో పాత ర్యాన్.

ఇది తెలిస్తే ‘హాజ్ ర్యాన్’ అని రాయరు. ‘హాజ్ రన్’ అనే రాస్తారు, ‘హాజ్ సంగ్’ అన్నట్టు. ‘ఈ హాస్టల్‌ని ఫలానావాళ్లు నడుపుతున్నారు’ అనేదానికి ‘ఈజ్ రన్ బై’. ‘రన్న్‌డ్’ అనే రూపం ఎక్కడా లేదు.

మన ‘రన్నింగ్’ వాళ్ల ‘రన్నింగ్’ కాదు

తెలుగులో రోజూ వాడే ‘రన్నింగ్’ కొన్ని చోట్ల ఇంగ్లీషుకి పనికిరాదు. తెలుగు మాట్లాడేటప్పుడు హాయిగా వాడుకోండి, అది మన మాటే అయిపోయింది. ఇంగ్లీషు వాక్యంలో పెట్టేటప్పుడు మాత్రం మార్చాలి.

‘వాడికి 23 రన్నింగ్’ అంటాం. ఇంగ్లీషులో ‘హీ ఈజ్ గోయింగ్ ఆన్ 23’. ‘రన్నింగ్ బస్సు ఎక్కొద్దు’ అంటాం. వాళ్లకి అది ‘మూవింగ్ బస్’. ‘క్లాసు రన్ అవుతోంది’ అంటాం. వాళ్లు ‘ద క్లాస్ ఈజ్ గోయింగ్ ఆన్’ అంటారు. ‘రన్నింగ్ నోస్’ కంటే ‘రన్నీ నోస్’ మేలు. షాపు లాభాల్లో ఉంటే ‘డూయింగ్ వెల్’ అనండి. ‘రన్నింగ్ వెల్’ అంటే ఇబ్బందులు లేకుండా సాఫీగా నడుస్తోందని మాత్రమే వస్తుంది, లాభం సంగతి రాదు.

వీటిలో అసలైన ఇబ్బంది పెట్టేది ఒకటుంది. ‘మూడో రోజు రన్నింగ్’ అని మనం అంటే మూడో రోజు నడుస్తోందని. ఇంగ్లీషులో ‘త్రీ డేస్ రన్నింగ్’ అంటే మూడు రోజులు వరసగా, మధ్యలో ఆగకుండా అని. ‘ఇట్ రెయిన్డ్ త్రీ డేస్ రన్నింగ్’ అని పేపర్లో చదివితే మూడు రోజులూ వాన పడిందని అర్థం చేసుకోవాలి.

లాటిన్ వైపు ఒక చూపు

ఇది తప్పనిసరి కాదు, ఆసక్తి ఉన్నవాళ్లకి. లాటిన్‌లో పరుగుకి మాట ‘కుర్రెరె’. ‘రన్’కి దీనితో రక్తసంబంధం లేదు, కానీ దాని పిల్లలందరూ మన ఇళ్లలోనే ఉన్నారు. కరెంటు అంటే పారేది. కరెన్సీ, చేతులు మారుతూ సాగేది. కంప్యూటర్ తెర మీది కర్సర్ అంటే అసలు అర్థం పరిగెత్తేవాడు. కొరియర్, కోర్సు, కారిడార్, అన్నీ అక్కడివే. ఆసుపత్రి కారిడార్లో కరెంటు పోయింది అన్నప్పుడు మనం తెలుగు వాక్యంలో రెండుసార్లు లాటిన్ పరుగు పలుకుతున్నాం. అకర్ (జరగడం), రికర్ కూడా ఈ కుటుంబమే. రికర్ అంటే మళ్లీ పరిగెత్తుకు రావడం. జబ్బు తిరగబెట్టడానికి డాక్టర్లు వాడే మాట అది.

‘రన్ ద గాంట్లెట్’ అనే పలుకుబడిలో గాంట్లెట్‌కి చేతి తొడుగుతో సంబంధం లేదు. స్వీడిష్ ‘గాట్‌లోప్’ ఇంగ్లీషు నోళ్లలో నలిగి అలా అయింది. ‘గాటా’ అంటే సందు, ‘లోప్’ అంటే పరుగు. రెండు వరసల్లో నిలబడ్డ సైనికులు కొడుతుంటే మధ్య నుంచి పరిగెత్తించే శిక్ష అది. ‘రన్ అమోక్’లో అమోక్ మలయ్ భాష నుంచి వచ్చింది, రెచ్చిపోయి కనిపించినవాళ్లందరి మీదా పడటం.

నోటు పుస్తకం ఎలా రాయాలి

ఒక పేజీ మధ్యలో గీత గీయండి. ఎడమ వైపు పైన ‘నడుచు’, కుడి వైపు పైన ‘నడుపు’ అని రాయండి. రోజూ ఇంగ్లీషు పేపరు చదివేటప్పుడు ‘రన్’ ఉన్న వాక్యం దొరికితే ఏ వైపుదో చూసి అటు ఎక్కించండి. వాక్యం మొత్తం రాయండి, మాట ఒక్కటే రాస్తే వారం తర్వాత పనికిరాదు. పక్కన తెలుగు క్రియ ఒకటి రాయండి: పారు, కారు, సాగు, ఆడు, తిరుగు, అయిపోవు, ఏది సరిపోతే అది. వాణిజ్య పేజీలోనూ, క్రీడల పేజీలోనూ ఎక్కువ దొరుకుతాయి. డిక్షనరీ తర్వాత చూడండి, ముందు మీరే ఊహించండి. చూసేటప్పుడు కూడా మొత్తం ఎంట్రీ చదవొద్దు, మీ వాక్యానికి దగ్గరగా ఉన్న ఉదాహరణ ఒక్కటి పట్టుకుంటే చాలు.

మొదటి రోజు కోసం మూడు వాక్యాలు ఇస్తున్నాను.

‘ద రిపోర్ట్ రన్స్ టు 300 పేజెస్’. ఏది రన్ అవుతోంది? రిపోర్టు. నడిపేవాళ్లు లేరు. పక్కన ‘టు’ ఉంది. అంటే రిపోర్టు 300 పేజీల దాకా సాగింది. ఎడమ వైపు.

‘ద లీజ్ హాజ్ టూ ఇయర్స్ టు రన్’. లీజు, కాలం గుంపు. ఎరువుల ఓడ గడియారం గుర్తు తెచ్చుకోండి. ఇంకా రెండేళ్లు ఉంది. ఇది కూడా ఎడమ వైపే.

‘షీ ర్యాన్ హర్ ఐ ఓవర్ ద లిస్ట్’. ఇక్కడ కర్మ ఉంది, చూపు. కాబట్టి నడిపే ‘రన్’, కుడి వైపు. ‘ఓవర్’ ఉంది కదా అని బండి కింద పడటం అనుకోవద్దు, వెళ్తున్నది చూపు కాబట్టి. ఆవిడ లిస్టు మీద చూపు పారించింది.